తేలవాహ నదికి ఈవల: చిరువర్తకుడు, పరిచయం, పూచీ

భిలాయ్ ఉక్కునగరానికి ఆనుకొని ఉన్న జాముల్ నుండి తూర్పుగా ప్రయాణించి, రాయపూర్ దాటి మహానది ఒడ్డుకు చేరితే సిర్పూర్ వస్తుంది. ఇది దక్షిణ కోసల రాజధాని అయిన శ్రీపురం. మహాశివగుప్త బాలార్జునుని కాలంలో ఆనందప్రభుడనే భిక్షువు ఇక్కడ విహారాన్ని నిర్మించి, భిక్షువుల భోజనానికి సత్రాన్ని నెలకొల్పినట్లు అక్కడి శాసనం వల్ల తెలుస్తున్నది. క్రీ.శ. 639 ప్రాంతంలో, హ్యూయన్‌త్సాంగ్ కోసల దేశాన్ని దర్శించి దక్షిణంగా ఆంధ్రదేశానికి, పిదప ధాన్యకటకానికి సాగాడు. కోసలానికీ ఆంధ్రానికీ మధ్య మనుషులు నడిచిన బాట ఉండేదనడానికి ఆ యాత్రికుని ప్రయాణమే సాక్ష్యం. ఆ బాటలో యాత్రికులూ భిక్షువులూ మాత్రమే నడవలేదు. మూట నెత్తిన పెట్టుకొని ఊరూరా తిరిగే చిరువర్తకులు కూడా నడిచారు. వారి పేర్లు చరిత్రకు అందలేదు. అయినప్పటికీ వారి జీవికను గురించి బౌద్ధ వాఙ్మయం చెప్పినంతగా, ఆంధ్రదేశపు శాసనాలు చూపినంతగా మరే ప్రాచీన ఆధారమూ చెప్పదనుకొంటాను.

పెట్టుబడి లేని చిన్న వర్తకుడు ఎట్లా నిలదొక్కుకొంటాడు? కొత్త ఊరిలో అతనిని ఎవరు నమ్ముతారు? ఒకరి మాట మీద మరొకరు అతని వద్దకు ఎందుకు వస్తారు? ఈ వ్యాసంలో పరిశీలించదలచినది ఈ ప్రశ్ననే.

అంధపురంలో ఇద్దరు బేరగాళ్లు

జాతక కథలలో మూడవదైన సేరివాణిజ జాతకంలో ఇద్దరు తిరుగుబేరగాళ్లు తేలవాహ నదిని దాటి అంధపురం అనే నగరంలో ప్రవేశిస్తారు. అంధపురమంటే ఆంధ్రుల నగరమని చరిత్రకారులు సాధారణంగా గ్రహిస్తారు. డి.ఆర్. భండార్కర్ తేలవాహను నేటి తేల్ నదిగా గాని, తేలింగిరి నదిగా గాని గుర్తించవచ్చునని ప్రతిపాదించాడు. తేల్ నది ఒడిశాలో ప్రవహించి సోన్‌పూర్ వద్ద మహానదిలో కలుస్తుంది. ఈ గుర్తింపు అందరూ అంగీకరించినది కాకపోయినా, కోసలానికీ ఆంధ్రానికీ నడుమ ఒక నదిని దాటి వచ్చే బేరగాని చిత్రం మాత్రం జాతక కర్తకు పరిచితమేనని స్పష్టం.

ఆ ఇద్దరికీ ఒక ఒప్పందం ఉంది. నగరంలోని వీధులను పంచుకొన్నారు. ఒకడు తిరిగి వెళ్లిన వీధిలోకి రెండవవాడు పోవచ్చు. ఒకప్పుడు శ్రేష్ఠికుటుంబమై, మగవారినీ ధనాన్నీ కోల్పోయి, కూలి చేసుకొని బ్రతుకుతున్న ముసలమ్మా మనవరాలూ ఒక ఇంట ఉన్నారు. పిల్ల ఏదో నగ కావాలని అడుగగా, ముసలమ్మ మసిపట్టిన పాత పళ్లెం ఒకటి బేరగాని చేతిలో పెట్టింది. అతడు వెనుకవైపు సూదితో గీసి చూశాడు. అది బంగారు పళ్లెం. ఏమీ ఇవ్వకుండానే దానిని దక్కించుకోవాలని, అర మాషం కూడా చేయదని నేల మీద విసిరి వెళ్లిపోయాడు. ఆ తరువాత వచ్చిన రెండవ బేరగాడు బోధిసత్త్వుడు. అతడు పళ్లెం లక్ష విలువ చేస్తుందనీ, తన వద్ద అంత సొమ్ము లేదనీ ఉన్నదున్నట్లు చెప్పాడు. తన వద్ద ఉన్న 500 కహాపణాలనూ, 500 విలువైన సరకునూ ఇచ్చి, త్రాసు, సంచి, పడవకూలికి 8 కహాపణాలు మాత్రం ఉంచుకొని పళ్లెం తీసుకొన్నాడు. మొదటివాడు తిరిగి వచ్చేసరికి పళ్లెమూ లేదు, ఆ ఇంట్లో అతనికి మర్యాదా లేదు.

ఈ కథను దేవదత్తుని వైరానికి మూలంగా భిక్షువులు ఎరుగుదురు. వర్తకచరిత్ర దృష్టితో చూస్తే ఇందులో మరొక అంశం ఉంది. రెండవ బేరగాడు వచ్చినప్పుడు ముసలమ్మ సంశయిస్తుంది. ముందు వచ్చినవాడు పళ్లాన్ని విసిరికొట్టాడు గదా, మళ్లీ ఎందుకు అని. మనవరాలు మాత్రం అతడు కటువుగా మాట్లాడాడనీ, ఇతడు సౌమ్యంగా కనిపిస్తున్నాడనీ అంటుంది. ఆ ఇంటి తలుపు తెరిపించిన సిఫారసు ఆ పిల్ల మాటే. బేరగాడు దానిని కొనలేదు, అడగనూ లేదు. అతని నడవడిని చూసి ఆమె పలికింది. ఒకరి వీధిలో ఒకరు తిరిగే బేరగాళ్ల లోకంలో, ముందు వెళ్లినవాని నడత వెనుక వచ్చేవానికి మేలో కీడో చేయక తప్పదు.

మూడవ అంగం

కథ చూచాయగా చెప్పిన దానిని అంగుత్తర నికాయం తికనిపాతంలోని పాపణిక సుత్తం సూత్రరూపంలో చెబుతున్నది. పాపణికుడంటే అంగడివాడు. మూడు అంగాలు ఉన్న అంగడివాడు అచిరకాలంలోనే సంపదను విస్తారంగా పొందుతాడని బుద్ధుడు చెప్పాడు. మొదటి అంగం చక్ఖుమా: ఏ సరకు ఎంతకు కొన్నది, ఎంతకు అమ్మితే ఎంత మిగులుతుంది అన్నది చూడగల కన్ను. రెండవది విధురో: కొనడంలోనూ అమ్మడంలోనూ నేర్పు. మూడవది నిస్సయసంపన్నో: ఆశ్రయం కలవాడు. ధనికులైన గృహపతులు అతనిని ఎరిగి, ఇతనికి కన్నూ నేర్పూ ఉన్నవి, ఆలుబిడ్డలను పోషించుకోగలడు, మన సొమ్మును కాలానుగుణంగా తిరిగి చెల్లించగలడు అని తలచి, తామే పిలిచి పెట్టుబడి ఇస్తారు.

ఈ మూడింటి వరుస గమనింపదగినది. కన్నూ నేర్పూ వర్తకునిలోనే ఉండే గుణాలు. మూడవది అతనిలో లేదు. ఇతరుల మనసులలో ఉన్నది. దానిని అతడు సంపాదించుకోగలడే తప్ప తయారుచేసుకోలేడు. పైగా మొదటి రెండూ ఉన్నవని ఇతరులు చూసినప్పుడే మూడవది సిద్ధిస్తుంది. కన్నూ నేర్పూ లేకుండా పరిచయాలను మాత్రమే పోగుచేసుకొనే అంగడివానికి ఈ సుత్తంలో చోటు లేదు.

బుద్ధుడు ఈ ఉపమానాన్ని వెంటనే భిక్షువుకు అన్వయించాడు. భిక్షువుకు చక్షువు దుఃఖాది సత్యాలను ఉన్నట్లు ఎరుగడం. నేర్పు అకుశలాన్ని విడిచి కుశలాన్ని పెంచే వీర్యం. ఆశ్రయం బహుశ్రుతులైన భిక్షువులను సమయానికి సమీపించి సందేహాలను అడిగి తీర్చుకోవడం. వినయంలో నిస్సయమంటే ఏమిటో పాఠకులకు తెలుసు. కొత్తగా ఉపసంపద పొందిన భిక్షువు కనీసం అయిదు సంవత్సరాలు ఆచార్యుని ఆశ్రయంలో ఉండాలి. పది వర్షాలు గడిచిన సమర్థుడే ఇతరులకు ఆశ్రయం ఇవ్వగలడు. అంగడివాని విషయంలోనూ భిక్షువు విషయంలోనూ ఒకే మాటను వాడడం యాదృచ్ఛికం కాదనుకొంటాను. రెండుచోట్లా దాని అర్థం ఒకటే: తనను ఎరిగి, తన తరఫున బాధ్యత వహించేవాడు ఒకడు ఉండడం. తెలుగులో దీనికి సరియైన మాట పూచీ.

చచ్చిన ఎలుక నుండి ఓడ సరకు దాకా

పూచీ ఎట్లా పెరుగుతుందో నాలుగవదైన చుల్లసేట్ఠి జాతకం మెట్టు మెట్టుగా చూపుతుంది. దారిలో పడి ఉన్న చచ్చిన ఎలుకను చూసి, తెలివైన కుర్రవాడు దీనితోనైనా వ్యాపారం మొదలుపెట్టగలడని చుల్లసేట్ఠి అంటాడు. పేదవాడైన యువకుడొకడు ఆ మాట విని, ఎలుకను పిల్లి మేతకు ఒక కాకణికకు అమ్ముతాడు. ఆ సొమ్ముతో బెల్లం కొని, కుండెడు నీళ్లు తీసుకొని, అడవి నుండి అలసి వస్తున్న పూలవారికి తలా కొంచెం బెల్లం, గరిటెడు నీళ్లు ఇస్తాడు. వారు తలా పిడికెడు పూలు ఇస్తారు. ఈ విధంగా 8 కహాపణాలు చేరుతాయి. గాలివానకు రాజోద్యానంలో విరిగిపడిన కొమ్మలను బెల్లం ఆశతో వచ్చిన పిల్లల చేత ఏరించి, రాజు కుమ్మరికి ఆవం వేయడానికి అమ్ముతాడు. అప్పటికి అతని చేతిలో 24 కహాపణాలు.

ఇక్కడి నుండి కథ నడక మారుతుంది. అతడు నగరద్వారం దగ్గర నీళ్ల కుండ పెట్టి 500 మంది గడ్డికోతవారికి దాహం తీరుస్తాడు. నీకేమి చేయమంటావని వారు అడిగితే, అవసరం వచ్చినప్పుడు చెబుతానంటాడు. అదే సమయంలో భూమార్గ వర్తకుడు ఒకనితోనూ, జలమార్గ వర్తకుడు ఒకనితోనూ స్నేహం చేస్తాడు. మరునాడు 500 గుర్రాలతో వ్యాపారి వస్తున్నాడని మొదటి స్నేహితుడు చెబుతాడు. యువకుడు గడ్డికోతవారిని తలా ఒక మోపు ఇమ్మనీ, తన గడ్డి అమ్ముడయ్యేదాకా తమది అమ్మవద్దనీ కోరుతాడు. గుర్రాల వ్యాపారి వేయి కహాపణాలు ఇచ్చి ఆ గడ్డి కొంటాడు. కొద్ది దినాలకు రేవుకు పెద్ద ఓడ వచ్చిందని రెండవ స్నేహితుడు తెలుపుతాడు. యువకుడు తన ఉంగరాన్ని బయానాగా ఇచ్చి ఓడ సరకును ముందే ఖాయం చేసుకొంటాడు. తరువాత వచ్చిన నూరుగురు వర్తకులు సరకులో భాగానికి తలా వేయి, అతని వాటాను కొనడానికి తలా మరో వేయి ఇస్తారు. రెండు లక్షలతో తిరిగి వచ్చి, అందులో లక్షను ఏ మాట విని ప్రారంభించాడో ఆ చుల్లసేట్ఠికి కృతజ్ఞతగా సమర్పిస్తాడు.

గడ్డికోతవారి మాట ముందు, గుర్రాల వార్త తరువాత. నీళ్లు ఇచ్చే దినాన అతనికి గుర్రాల సంగతి తెలియదు. ప్రతిఫలం ఏమి వస్తుందో ఎరుగకుండా చేసిన ఉపకారమే అవసరకాలంలో పెట్టుబడి అయింది. అయితే ఈ కథను కేవలం ఆదర్శంగా చదవడమూ సరికాదు. గడ్డికోతవారు ఆ దినం తమ గడ్డిని ఆపుకొన్నారు. వారికి ఏమి మిగిలిందో కథ చెప్పదు. పరిచయబలం ఒకరికి మేలు చేసినప్పుడు దాని భారం మరొకరి మీద పడే అవకాశాన్ని చరిత్రకారుడు విస్మరించరాదు. కథ ముగింపులో మాత్రం కృతజ్ఞత ఉంది. మొదటి మాట చెప్పినవానిని మరచిపోకుండా అతని ఇంటికి వెళ్లి ఋణాన్ని ఒప్పుకోవడంతోనే ఆ వ్యాపారం పూర్తి అయినట్లు జాతకం భావిస్తున్నది.

రాతి మీద పేర్లు

కథల నుండి శాసనాలకు వస్తే ఆంధ్రదేశం సంపన్నమైనది. 1892లో అలెగ్జాండర్ రీ భట్టిప్రోలు స్తూపంలో తవ్వి తీసిన ధాతుకరండాల మీది శాసనాలలో కుబిరక రాజు పేరుతోపాటు గోష్ఠి, నిగమం అనే సంఘాల ప్రస్తావన ఉన్నది. నిగమ సభ్యుల పేర్లు వరుసగా చెక్కబడి ఉన్నవి. ఒక్కొక్కరు విడివిడిగా చేసిన దానం కాదిది. పలువురు కలిసి, ఒకరి పక్కన ఒకరు పేరు పెట్టుకొని చేసినది. ఊరి వర్తకసమాజంలో ఎవరు ఎవరితో నిలబడ్డారో ఆ పట్టిక భావితరాలకు తెలుపుతున్నది.

అమరావతి శాసనాలలో శ్రేష్ఠులూ, వణిజులూ, గంధికులూ కనిపిస్తారు. వారి మధ్య విధికుడనే చర్మకారుడు ఉన్నాడు. ఉపాధ్యాయుడైన నాగుని కుమారుడైన ఇతడు పూర్ణఘట ఫలకాన్ని దానం చేశాడు. తల్లి, భార్య, సోదరులు, కొడుకు, కూతుళ్లతో పాటు జ్ఞాతి మిత్ర బాంధవులను కూడా ఆ పుణ్యంలో చేర్చుకొన్నాడు. చేతిపనివాడైన ఒక చిన్న దాత తన శాసనంలో మిత్రులకు చోటివ్వడం మన విషయానికి విలువైన ఆధారం. అతని జీవిక ఎవరి మధ్య సాగిందో ఆ ఒక్క సమాసం చెబుతున్నది.

నాగార్జునకొండలో వీరపురుషదత్తుని 14వ పాలనవర్షంలో ఉపాసిక బోధిసిరి వేయించిన శాసనం ఇంకా విశాలమైన లోకాన్ని చూపుతుంది. ఆమె చైత్యగృహాన్ని అర్పించినది తామ్రపర్ణి థేరవాద ఆచార్యులకు. వారు కాశ్మీర, గాంధార, చీన, తోసలి, వంగ, వనవాసి, యవన, దమిళ దేశాలలో ధర్మాన్ని వ్యాపింపజేసినవారని శాసనం కీర్తిస్తున్నది. అదే శాసనంలో కంటకసేలలోని మహాచైత్యానికి ఆమె చేసిన నిర్మాణమూ పేర్కొనబడినది. కంటకసేల నేటి ఘంటసాల. టాలెమీ పేర్కొన్న వర్తక రేవు. ఘంటసాల శాసనాలలో ఒకటి సివకుడనే మహానావికుని పేర్కొంటున్నది. కొండ మీది విహారం, తీరాన రేవు, సముద్రం ఆవలి ద్వీపం ఒకే శ్రద్ధాసూత్రంలో ఇట్లా కలిసి ఉన్నవి.

పూచీకి ధనరూపంలో సాక్ష్యం కావాలంటే నాసిక్ గుహలను చూడాలి. నహపానుని అల్లుడు ఉషవదాతుడు 3000 కార్షాపణాలను గోవర్ధనంలోని నేతగాళ్ల శ్రేణులలో అక్షయనీవిగా నిలిపాడు. 2000 ఒక శ్రేణిలో, నెలకు నూటికి 1 వడ్డీకి. 1000 మరొక శ్రేణిలో, నూటికి ముప్పాతిక వడ్డీకి. మొదటి మొత్తం మీద ఏడాదికి వచ్చే 240 కార్షాపణాలు గుహలో వర్షావాసం చేసే 20 మంది భిక్షువులకు తలా 12 చొప్పున చీవరాలకు సరిపోతాయి. అసలు సొమ్మును తిరిగి తీసుకోరాదు. దీనిని నిగమసభలో వినిపించి, ఫలకం మీద వ్రాయించారు. రాజబంధువు శాశ్వత నిధిని నేతగాళ్ల చేతిలో పెట్టాడంటే, ఆ శ్రేణి తన సభ్యులందరి తరఫున ఒకే మాట మీద నిలబడగలదని అతడు నమ్మినట్లే. పాపణిక సుత్తంలోని గృహపతుల నమ్మకం ఇక్కడ శాసనబద్ధమైంది.

విహారం చేసినదీ, చేయరానిదీ

ఈ ఆధారాలను బట్టి విహారానికీ వర్తకానికీ గల సంబంధాన్ని డి.డి. కోశాంబి, హిమాంశు ప్రభ రే మొదలైన చరిత్రకారులు విస్తారంగా చర్చించారు. బాటల మీద వెలసిన విహారాలు వర్తకులకు మజిలీలనీ, దానం వర్తకునికి గౌరవాన్ని సంపాదించి పెట్టేదనీ వారి వాదనల సారాంశం. ఇందులో సత్యం ఉంది. అయితే దీనిని ఒక అడుగు ముందుకు లాగి, దానం ఆనాటి వ్యాపార ప్రకటన అనీ, విహారం పరిచయాల విపణి అనీ చెప్పేవారూ ఉన్నారు. శాసనాలు అంతమాట చెప్పవు. అవి పుణ్యాన్ని పేర్కొంటాయి, బంధుమిత్రులను పేర్కొంటాయి, లాభాన్ని పేర్కొనవు. విధికుని మిత్రులు అతని ఖాతాదారులే అయి ఉండవచ్చు. ఆ ఫలకం వారిని పిలిచినది మాత్రం పుణ్యంలో పాలు పంచుకోవడానికి.

వినయం ఈ హద్దును ఇంకా స్పష్టంగా గీసింది. సంఘాదిసేస నియమాలలో 13వది కులదూషణను నిషేధిస్తుంది. కీటాగిరిలో అస్సజి పునబ్బసుక వర్గం గృహస్థులకు పూలు పంపి, వారి మెప్పు కోసం నడుచుకొన్న ఉదంతం దీనికి మూలం. గృహస్థుల పనుల మీద కబుర్లు మోసుకొని తిరగడం కూడా ఈ దోషంలోకే వస్తుంది. అయిదవ నియమం పెండ్లి సంబంధాలు కుదర్చడాన్ని నిషేధించింది. భిక్షువు బంగారు వెండి నాణేలను స్వీకరించరాదన్నది మరొక నియమం. విహార ప్రాంగణంలో ఉపోసథ దినాన ఇద్దరు వర్తకులు కలుసుకోవచ్చు. ఒకరి నడవడి మరొకరికి తెలియవచ్చు. వారి మధ్య మధ్యవర్తి కావడానికి భిక్షువుకు అధికారం లేదు. భిక్షువు మాటకు గృహస్థలోకంలో అంత విలువ రావడానికి, అతడు ఆ మాటను బేరంలో పెట్టకపోవడమే కారణమని చెప్పవచ్చు. నేటి విహారాలకూ ఇది వర్తిస్తుంది. దాతల జాబితా పెరుగుతున్న కొద్దీ, ఫలానా ఉపాసకుడు మంచివాడు, అతని దగ్గరే కొనండి అని ఒక్క మాట అనమని అడిగేవారు ఎదురవుతారు. ప్రాచీన సంఘం ఆ కోరికను ఎరుగును. దానికి జవాబును నియమంగా నిలిపింది.

గృహస్థునికి మాత్రం ఆ నిషేధం లేదు. పైగా దీఘజాణు సుత్తం ఇహలోక హితానికి నాలుగు ధర్మాలు చెబుతూ, ఉద్యమశీలం, సంపదను కాపాడుకోవడం, ఆదాయానికి తగిన వ్యయం అనే వాటితో పాటు కల్యాణమిత్రతను చేర్చింది. ఆ మిత్రుల లక్షణాలు శ్రద్ధ, శీలం, త్యాగం, ప్రజ్ఞ. ధనం గాని, పలుకుబడి గాని ఆ లక్షణాలలో లేవు.

జాముల్‌లో వ్రాయవలసిన పట్టిక

1931లో రాయపూర్–విజయనగరం రైలుమార్గం పూర్తి అయిన తరువాత హ్యూయన్‌త్సాంగ్ నడిచిన దిక్కుకు ఎదురుగా తెలుగువారు ఉత్తరానికి రావడం సులభమైంది. 1955 ఫిబ్రవరిలో సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరి, 1959 ఫిబ్రవరి 4న భిలాయ్ మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. 1965లో జాముల్‌లో సిమెంటు కర్మాగారం వచ్చింది. కర్మాగారాలలో పనికి వచ్చినవారి వెనుక దుకాణాలవారూ, చేతిపనివారూ వచ్చారు. సిర్పూర్‌లో ఎం.జి. దీక్షిత్ విహారాలను తవ్విస్తున్న ఆ 1950లలోనే, అక్కడికి నూరు కిలోమీటర్లకు కాస్త పైగా దూరంలో ఒక కొత్త నగరానికి పునాదులు పడుతున్నవి.

కొత్త నగరంలో మొదటి దుకాణానికి అరువు ఇచ్చినవారెవరు, మొదటి గిరాకీని పంపిన ఊరివారెవరు, ఎవరి మాట మీద అద్దెకు గది దొరికింది అన్నవి ఏ దస్తావేజులోనూ ఉండవు. అవి ఇంటి పెద్దల జ్ఞాపకంలో ఉన్నవి. 1959లో ఇరవై ఏళ్ల వయసున్నవారు నేడు ఎనభై దాటినవారు. భట్టిప్రోలు నిగమం తన సభ్యుల పేర్లను రాతిపై నిలిపి ఉండకపోతే, రెండువేల సంవత్సరాల నాటి ఆ చిన్న సమాజాన్ని గురించి మనకు ఏమీ తెలిసేది కాదు. జాముల్, భిలాయ్ ప్రాంతాలలోని వారసత్వ పరిశోధకులు ఈ జ్ఞాపకాలను అడిగి వ్రాసుకోవడం ఇప్పుడు చేయదగిన పని. అడగవలసినవి మూడు ప్రశ్నలు: ఏ పనితో మొదలుపెట్టారు? మీకు పూచీ నిలిచినవారెవరు? తరువాత మీరు ఎవరికి పూచీ నిలిచారు?

మూడవ ప్రశ్నను విడువరాదు. చుల్లసేట్ఠి ఇంటికి లక్షతో తిరిగి వచ్చిన యువకుడు ఆ ప్రశ్నకే జవాబు మొదలుపెట్టాడు. వినయంలో ఆశ్రయం పొందిన భిక్షువు పది వర్షాల తరువాత ఆశ్రయం ఇవ్వడానికి అర్హుడవుతాడు. అంగడివాని విషయంలోనూ, తాను పొందిన పూచీని మరొకరికి అందించిన నాడే ఆ ఋణం తీరుతుంది.